డీసీసీ ఇంజన్‌ని ఆరేళ్లు మామూలు డీసీ మీద నడిపాక

మా బేస్‌మెంట్‌లో ఉన్నది బొమ్మ రైళ్ల లేఔట్, హెచ్‌వో స్కేల్, అంటే అసలు బండిలో 87వ వంతు. న్యూజెర్సీలో ఈ ఇల్లు కొన్న ఏడాదే మొదలుపెట్టా. ఆరు బ్లాకులు (విడివిడిగా కరెంటు ఇచ్చే పట్టాల ముక్కలు), పాత పద్ధతి వైరింగ్, నాబ్ తిప్పితే ఓల్టేజీ పెరిగి బండి కదిలే మామూలు డీసీ. అలాంటి దాని మీదకి డీసీసీ ఇంజన్, అంటే పట్టాల్లోంచి వచ్చే డిజిటల్ సిగ్నల్‌తో నడిచేది, అది చదివి శబ్దాలు కూడా చేసే చిప్పు (సౌండ్ డీకోడర్) ఉన్నది ఎందుకు కొన్నావయ్యా అంటే, అది అమెరికా కంపెనీ ఆల్కో బండి కాబట్టి. నేను పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో, నాన్న డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. మన రైల్వేల డబ్ల్యూడీఎం-2 డీజిల్ బండిలో ఉండేది ఆల్కో 251 ఇంజన్, 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. ఇక్కడ ఆల్కో వాళ్లు 1965లో మొదలుపెట్టిన సెంచురీ 630లో కూడా ఆ కుటుంబమే, అవే 16 సిలిండర్లు, కాకపోతే 3000 హార్స్‌పవర్. షాపులో ఆ బొమ్మ ఐడిల్‌లో గుడగుడమంటుంటే ఇంక బేరం ఏం చేస్తాను.

డబ్బా మీద డీసీ మీద కూడా నడుస్తుందని రాసుంది. నిజమే, నడుస్తుంది. ఎలా నడుస్తుందో రాయలేదు, అది నేను రాస్తున్నా.

డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ 14, 15 ఓల్టులు నిండుగా ఉంటాయి. ఎంత వేగం, ఏ లైటు, హారన్ ఎప్పుడు అన్నది అందులోనే సిగ్నల్‌గా వస్తుంది, డీకోడర్ అది చదువుకుని మోటార్‌కి కావాల్సినంత ఇస్తుంది. డీసీలో సిగ్నలూ లేదు, నిండు ఓల్టేజీ కూడా లేదు. నాబ్ ఎంత తిప్పామో అంతే వస్తుంది, దాంట్లోనే డీకోడర్ మేలుకోవాలి, మోటార్ తిరగాలి, స్పీకర్ మోగాలి. మల్టీమీటర్ పెట్టి చూస్తే నా ఇంజన్‌లో 5.5 ఓల్టుల దగ్గర లైటు వెలిగింది, 6 దాటాక స్టార్టింగ్ సౌండ్ వచ్చింది, చక్రం కదిలింది మాత్రం 7.8 దగ్గర. నా పాత ఇంజన్లు రెండున్నరకే బయల్దేరిపోతాయి. పైన కూడా నష్టమే, డీకోడర్‌లోని రెక్టిఫైయర్ ఓ ఓల్టు పైగా మింగేస్తుంది కాబట్టి 12 దగ్గర కూడా పూర్తి వేగం రాదు. మొత్తం మీద నాబ్‌లో నిజంగా బండి నడపడానికి మిగిలేది చివరి మూడో వంతు.

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా ఇబ్బందులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. స్టేషన్‌లో ఆపాలంటే నాబ్ సున్నాకి తెస్తాం కదా, తెస్తే ఇంజన్ సౌండ్ కూడా చచ్చిపోతుంది, మళ్లీ పెంచితే స్టార్టింగ్ తంతు అంతా మొదటి నుంచి. 6కి పైన, 7.8కి కింద పట్టుకుంటేనే బండి ఆగి ఉంటుంది, ఇంజన్ ఐడిల్‌లో ఉంటుంది. ఆ సందు ఎంతంటే నాబ్ మీద నా చిటికెన వేలి గోరంత. మా ఆవిడ నెయిల్ పాలిష్ తీసుకుని రెండు చుక్కలు పెట్టుకున్నా, ఒకటి సౌండ్ వచ్చే చోట, ఇంకొకటి బండి కదిలే చోట. ఆరేళ్లలో చుక్కలు రెండుసార్లు మళ్లీ పెట్టాల్సి వచ్చింది, రంగు కూడా మారింది.

పవర్ ప్యాక్ సంగతి. మొదట్లో నా దగ్గర ఉన్నది గరాజ్ సేల్‌లో పది డాలర్లకి కొన్న పాతది. తక్కువ వేగంలో మోటార్ తడబడకుండా కరెంటుని కొట్టి కొట్టి పంపే రకం. పాత ఇంజన్లకి అది వరమే, డీకోడర్‌కి మాత్రం పడదు. సౌండ్ వచ్చేది, పోయేది, బండి తూలేది. ఒకరోజు లోడ్ లేకుండా ఫుల్లుగా తిప్పి మీటర్ పెడితే 19 ఓల్టులు! దెబ్బకి ప్లగ్ పీకేశా. నున్నటి డీసీ ఇచ్చే కొత్తది కొన్నాక సగం గొడవ తగ్గింది. మీరు కూడా ఇంజన్ పెట్టేముందు ప్యాక్‌కి మీటర్ పెట్టి చూడండి.

రెండేళ్ల తర్వాత ఒక ట్రెయిన్ షోలో రెండో ఆల్కో దొరికింది, వాడినదే. ఇంటికి తెచ్చి పట్టాల మీద పెడితే ఉలుకూ పలుకూ లేదు. చక్రాలు ఆల్కహాల్‌తో తుడిచా, పైతొడుగు విప్పా, వైర్లు లాగి చూశా, రాత్రి ఒంటిగంట దాకా కుస్తీ. మోసపోయాననే టెన్షన్‌తో పొద్దున్నే డీసీసీ ఉన్న పక్కింటి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన తన సిస్టమ్ మీద పెట్టి సీవీ 29 చదివాడు (సీవీలంటే డీకోడర్‌లో నంబర్లుగా ఉండే సెట్టింగులు). 34 ఉంది. అందులో 32 ఏమో నాలుగంకెల అడ్రస్‌కి, 2 ఏమో స్పీడ్ స్టెప్పులకి. డీసీ మీద నడవడానికి కావాల్సిన 4 లేదు, పాత ఓనర్ తీసేశాడు. 38 రాసి ఇచ్చాడు, ఇంటికొచ్చి పెడితే బంగారంలా మోగింది. పాత ఓనర్ తప్పేం లేదులెండి. డీసీసీ లేఔట్ మీద ఆ 4 వదిలేస్తే, ఎక్కడైనా సిగ్నల్ తేడా వచ్చినప్పుడు డీకోడర్ డీసీ మీద ఉన్నాననుకుని ఒక్కసారిగా ఫుల్ స్పీడులో దూకేయొచ్చు, అందుకని తెలిసినవాళ్లు తీసేస్తారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది కదలకపోతే నాలాగా ముందు స్క్రూడ్రైవర్ తీయకండి.

పాత ఇంజన్‌నీ దీన్నీ కలిపి డబుల్ ఇంజన్ కట్టడం ఒక్కసారే చేశా. రెండున్నర ఓల్టులకి పాతది లాగడం మొదలుపెట్టింది, ఆల్కో ఇంకా నిద్రలోనే ఉంది, దాన్ని చక్రాలు బిగిసినట్టు ఈడ్చుకుపోయింది. గేర్లు అరిగేది ఇలాగే. రెండు ఆల్కోలూ కలిపితే కాస్త నయం, 125, 126 సీవీలతో బయల్దేరే ఓల్టేజీ, పై వేగం దగ్గర చేశాం. ఇవి మా డీకోడర్ రకానివి, మీదాంట్లో వేరే నంబర్లు ఉండొచ్చు. వీటికి కూడా పక్కింటి డీసీసీయే గతి! డీసీ మీద నడపడానికి డీసీసీ కావాల్సి రావడం, అదో విడ్డూరం.

హారన్, బెల్ మన చేతిలో ఉండవు, డీకోడర్‌కి బుద్ధి పుట్టినప్పుడు కొడుతుంది. దానికి విడిగా చిన్న పెట్టెలు అమ్ముతారు, నేను కొనలేదు.

షంటింగ్ ఇష్టమైతే దీని జోలికి వెళ్లకండి, లేదా డీకోడర్ పీకి దాని చోట మోటార్‌ని నేరుగా పట్టాలకి కలిపే డమ్మీ ప్లగ్ పెట్టుకోండి, నిశ్శబ్దంగా బాగా నడుస్తుంది. ఒకే బండి కట్టి లూప్‌లో తిప్పుకుంటూ వినేవాళ్లయితే కొనొచ్చు. నేను డీసీసీకి మారలేదు, మారతానని ఏటా జనవరిలో అనుకుంటా.

పోయినేడు నాన్న వచ్చి మూడు నెలలున్నారు. మొదటిరోజు బండి తిప్పి చూపిస్తే కళ్లు మూసుకుని విని, "లోడ్ లేకుండా నాచ్ పెంచుతున్నావేంట్రా, బోగీలు తగిలించు" అన్నారు. నాచ్ అంటే అసలు ఇంజన్‌లో పవర్ పెంచే మెట్టు. బోగీలు తగిలించినా సౌండ్ మారదని చెప్పాల్సి వచ్చింది, ఓల్టేజీని బట్టి వస్తుంది గానీ లోడ్‌ని బట్టి రావట్లేదు. కాస్త నిరుత్సాహపడ్డారు. ఆ తర్వాత నుంచి సాయంత్రం టీ కప్పుతో కిందకి దిగేవారు, నాబ్‌ని రెండు చుక్కల మధ్య పెట్టమనేవారు, బండి తిప్పమని మాత్రం అడిగేవారు కాదు.