ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలా, దాని సమర్థనా: ఏది చదవాలి?

ఒప్పుకోలు అంటే మార్టిన్ లూథర్ పక్షం వాళ్లు తమ క్రైస్తవ విశ్వాసం ఏమిటో చెప్పుకున్న ప్రకటన; సమర్థన అంటే దాని మీద వచ్చిన ఖండనకు జవాబు. రెండూ లూథర్ సహచరుడు ఫిలిప్ మెలాంక్‌తన్ రాసినవే. మధ్యలో గడిచింది ఏడాది కూడా లేదు, అయినా గొంతు మారిపోయింది. 1530 జూన్ 25న ఐదో చార్లెస్ చక్రవర్తి ముందు చదివిన ఒప్పుకోలు ఆచితూచి మాట్లాడుతుంది. మొత్తం 28 అధికరణాల్లో 21 విశ్వాసం గురించి, మిగతా 7 సంఘంలో సరిదిద్దిన దురాచారాల గురించి. మేం కొత్త మతం పెట్టడం లేదని నచ్చజెప్పే ధోరణి.

ఆగస్టు 3న రోమన్ కాథలిక్ పక్షం ఖండన వినిపించింది, కానీ షరతులు లేకుండా కాపీ ఇవ్వనంది. లూథర్ పక్షానికి వింటూ రాసుకున్న నోట్సే దిక్కయింది. ఆ నోట్స్‌తో తయారుచేసిన జవాబును సెప్టెంబర్ 22న ఇవ్వబోతే చక్రవర్తి పుచ్చుకోలేదు. మెలాంక్‌తన్ దాన్ని పెంచి, తిరగరాసి 1531లో అచ్చువేయించాడు. అదే సమర్థన. అందులో ఇక మొహమాటాల్లేవు.

అసలు తేడా నాలుగో అధికరణంలో కనిపిస్తుంది. మనిషి తన క్రియల వల్ల కాక, క్రీస్తు నిమిత్తం విశ్వాసం ద్వారా ఉచితంగా దేవుని ముందు నీతిమంతుడవుతాడని ఒప్పుకోలు రెండు మూడు వాక్యాల్లో తేల్చేస్తుంది. సమర్థనలో ఇదే అన్నిటికన్నా పెద్ద భాగం. లేఖనాన్ని, అంటే బైబిల్‌ను, ధర్మశాస్త్రం (దేవుని ఆజ్ఞలు), వాగ్దానం అని రెండుగా చూడాలంటాడు మెలాంక్‌తన్. విశ్వాసమంటే యేసు చరిత్ర తెలియడం కాదు, ఆ వాగ్దానాన్ని అందుకోవడం అంటాడు. క్రియలు లేని విశ్వాసం మృతమని బైబిల్లో యాకోబు అన్న మాటనూ దాటవేయడు.

వాదన రుచి తెలియాలంటే నా ఓటు సమర్థనకే. సన్యాస ప్రమాణాల మీద చర్చ మాత్రం తర్వాత చదువుకోవచ్చు.