టైమింగ్ బెల్ట్, క్రాంక్ పని చేయించారా? ఇది చూడకుండా బండి తీసుకోకండి

నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను. టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు తిప్పే క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌నూ కలిపే పళ్ల బెల్ట్) మార్పించేవాళ్లు, "బెల్ట్ ఈమధ్యే మార్చాం" అన్న మాట మీద పాత కారు కొనేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

క్రాంక్ ముందు ఆయిల్ సీల్ కారుతోందని కారు షెడ్డుకిచ్చాను. ఎలాగూ విప్పుతున్నారని బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు కూడా కొత్తవి వేయించాను. క్రాంక్ కొనలో కీ (బెల్ట్ తిరిగే పళ్ల చక్రాన్ని, అంటే స్ప్రాకెట్‌ను, సరైన చోట కూర్చోబెట్టే చిన్న ఇనుప ముక్క) కూర్చునే గాడి అరిగిందని, బాగుచేశామని చెప్పారు. ఎలా చేశారో అడగకపోవడం నా తప్పు.

తెచ్చుకున్న రోజు నుంచే ఐడ్లింగ్‌లో వణుకు. పికప్ చచ్చిపోయింది. "కొత్త బెల్ట్ కదా, నాలుగు రోజులు తిరిగితే సెట్ అవుతుంది" అన్నారు. ఆ మాట అస్సలు నమ్మకండి. టైమింగ్, అంటే పిస్టన్లకూ వాల్వులకూ మధ్య పొంతన, దానంతట అది సర్దుకోదు. క్రాంక్ స్ప్రాకెట్‌కు 20 పళ్లుంటే, ఒక్క పన్ను తప్పినా 18 డిగ్రీల తేడా వస్తుంది.

వారం తిరక్కుండానే ఒక పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. వేరే మెకానిక్ విప్పి, ఆ కీ తీసి నా అరచేతిలో పెట్టాడు. వేలి గోరంత ముక్క. ఒక పక్క నలిగిపోయి ఉంది. గాడిలో పెడితే ఇటూ అటూ ఆడుతోంది. టైమింగ్ సరిచూసే మార్కులు చూస్తే మాత్రం అన్నీ సరిగ్గానే కలిశాయి! మార్కు ఉండేది స్ప్రాకెట్ మీద. కీ వదులైతే స్ప్రాకెట్ ఒక చోట, క్రాంక్ ఇంకో చోట ఉంటాయి. పిస్టన్లు వెళ్లి వాల్వులను కొట్టాయి, వాల్వులు వంగిపోయాయి. అన్ని ఇంజిన్లలో ఇలా తగలవు గానీ, తగిలే రకమైతే హెడ్డు (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దించాల్సిందే.

అందుకే గాడి బాగుచేశామంటే మార్కులతో సరిపెట్టుకోకండి. ఒకటో సిలిండర్ పిస్టన్ నిజంగా పైకొచ్చిందో లేదో ప్లగ్ రంధ్రంలోంచి డయల్ గేజ్ (కదలికను కొలిచే ముల్లు మీటరు) పెట్టి చూడమనండి. తర్వాత ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే దిక్కుకే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది, అప్పుడు మార్కులు మళ్లీ కలవాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయనివ్వకండి. సెల్ఫ్ కొట్టి చూద్దామంటే అసలే ఒప్పుకోకండి.

క్రాంక్ బోల్టు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువో కొలిచి బిగించే స్పానర్) బిగించాలి. స్ప్రాకెట్‌ను పట్టి ఉంచేది ఆ బిగువే, కీ ఉన్నది సరైన చోట కూర్చోబెట్టడానికే. బోల్టు వదులైతే భారమంతా ఆ చిన్న ముక్క మీద పడి నలిగిపోతుంది.

పాత కారు కొంటుంటే స్కానర్ పెట్టించండి. పీ0016 కోడ్ వస్తే క్రాంక్‌కూ క్యామ్‌కూ పొంతన కుదరలేదని అర్థం. సెన్సర్ లోపం వల్ల కూడా రావచ్చు, కానీ అదేంటో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

బెల్ట్ పని అయ్యాక మీ బండి ఇలాగే వణుకుతుంటే ఇవాళే ఆపేయండి. షెడ్డుకు కూడా నడిపి తీసుకెళ్లకండి, టోయింగ్ చేయించండి.