పిల్లల కస్టడీ కేసుల్లో మన జిల్లా ఎడిషన్లు, న్యూస్ చానళ్లు: ఏళ్ల తరబడి చదివాక

విజయవాడ, గుంటూరు ఎడిషన్లలో మామూలు కోర్టు వార్తలకు పెద్దగా వంక పెట్టలేం. బెంచి, వాయిదా తేదీ సరిగ్గానే ఇస్తారు. పిల్ల తల్లో తండ్రో ఏదో పార్టీ మనిషైతే మాత్రం వార్త రంగే మారిపోతుంది. రెండు పార్టీలకు దగ్గరగా ఉండే రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదివితేగానీ ఇది తెలియదు.

ముందు క్రియాపదాలు చూడండి. పేపరుకు కావలసినవాళ్లు 'స్పష్టం చేస్తారు', అవతలివాళ్లు 'చెప్పుకొస్తారు'. అదే తల్లి ఒకదాంట్లో 'కన్నీటిపర్యంతమయ్యారు', రెండోదాంట్లో 'ఆరోపించింది'. తండ్రి ఇక్కడ 'తెలిపారు', అక్కడ 'బుకాయించాడు'. ఒక్క 'రు' తీసేస్తే చాలు, అబద్ధం ఒక్కటీ రాయకుండానే మనిషిని దోషిని చేసేయొచ్చు. అబద్ధం లేదు కాబట్టి ఖండన వేయమని అడిగే దారీ ఉండదు. అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

రెండోది, కేసు ఏ దశలో ఉందో చెప్పకపోవడం. పిటిషన్, కౌంటర్ (అవతలివాళ్ల జవాబు), మధ్యంతర ఉత్తర్వు, సాక్ష్యాలు, తుది ఉత్తర్వు, ఇదీ వరస. పిటిషన్‌లో రాసిందంతా జరిగిపోయినట్టే మొదటి పేజీలో వస్తుంది, కౌంటర్ లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌తో సరి. వారానికి రెండు గంటలు పిల్లని చూడనివ్వమన్న ఉత్తర్వు 'తండ్రి చెంతకు చిన్నారి' అని స్క్రోలింగ్‌లో పరిగెడుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షన్ కింద వచ్చేది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే.

నేలపాడు హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) కొట్టేస్తే హెడ్డింగ్ ఎప్పుడూ ఒకటే: 'చుక్కెదురు'. పిల్ల అక్రమ నిర్బంధంలో ఉంటేనే ఆ పిటిషన్ నిలుస్తుందనీ, లేకపోతే మామూలు కోర్టుకు వెళ్లాలనీ సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. అంటే పిటిషన్ కొట్టేసినంత మాత్రాన ఎవరి దగ్గర పిల్ల బాగుంటుందో కోర్టు చెప్పినట్టు కాదు. చర్చల్లో 'అయిదేళ్లలోపు తల్లికే' అంటారు. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్‌లో 'సాధారణంగా' అనే మాట ఉంది, యాంకర్లు దాన్ని మింగేస్తారు. పిల్ల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమన్న అదే చట్టం 13వ సెక్షన్ ఊసే రాదు.

ఫొటోలదీ అదే తంతు. 2000 ఏప్రిల్ 22న మయామీలో ఎలియాన్ గొంజాలెజ్ అనే క్యూబా పిల్లాణ్ని బంధువుల ఇంట్లోంచి తీసుకెళ్లినప్పుడు తుపాకీ పట్టిన అధికారి ముందు బెదిరిపోయిన మొహం ఒక ఫొటో, తండ్రి ఒళ్లో నవ్వుతున్నది ఇంకొకటి. రెండూ ఆ రోజువే. ఏది పెద్దగా వేశారన్నదే పేపరు పక్షం. మన దగ్గర పిల్ల మొహం మసక చేసి స్కూలు బస్సు, ఇంటి గేటు చూపిస్తారు. వీధిలో వాళ్లకి ఇంకేం కావాలి? పిల్ల బాలల సంక్షేమ కమిటీ ముందుకొచ్చిన కేసైతే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం స్కూలు పేరు బయటపెట్టడమూ నేరమే. ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

నిజం కావాలంటే హైకోర్టు ఉత్తర్వు తెరిచి చివరి పేరా చదవండి. కేసు ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఫ్యామిలీ కోర్టు విచారణ ఒక పక్షం అడిగినా రహస్యంగా సాగాలి కాబట్టి 'కోర్టులో జరిగింది ఇదీ' అని చానల్ చెబితే, చెప్పింది ఏ పక్షం వకీలో ముందు ఆలోచించండి.

నా మార్కులు: వార్తలకు అయిదులో మూడు, చర్చలకు ఒకటి, అదీ కష్టంగా. ఫిర్యాదు చేయాలంటే ముందు ఎడిటర్‌కు రాసి, దినపత్రికైతే రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు పంపాలి. చానల్‌కు ఫిర్యాదు రాస్తే అది 15 రోజుల్లో జవాబివ్వాలి. క్లిప్పింగ్‌తో పాటు ఎడిషన్ పేరు, తేదీ, పేజీ నంబరు తప్పనిసరిగా పెట్టండి, గుంటూరులో వచ్చిన హెడ్డింగ్ విజయవాడలో ఒక్కోసారి వేరుగా ఉంటుంది.