విశాఖలో క్యాన్సర్ రోగికి ఛాతీలోని పెద్ద సిరకు స్టెంట్: డాక్టరుకు అయిదు, కౌంటరుకు రెండు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు క్యాన్సర్ అనగానే బరంపురమో విశాఖో బయల్దేరతారు కాబట్టి ఇది రాస్తున్నాను. మా చిన్నాన్నకు ఊపిరితిత్తి క్యాన్సర్. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంట్, అంటే నొక్కుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం, వేయించాం. వేసిన డాక్టరు పనికి అయిదుకు అయిదు, బిల్లు కౌంటరుకు రెండు.

తల, మెడ, చేతుల నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర పేరు సుపీరియర్ వీనా కావా. దాని గోడ పల్చన, లోపల ఒత్తిడి తక్కువ, అందుకే పక్కన గడ్డ పెరిగితే ఇట్టే నొక్కుకుపోతుంది. చిన్నాన్నకు అదే జరిగింది. చిన్నాన్నకు పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోయేది, చొక్కా పైగుండీ పట్టేది కాదు, రొమ్ము మీద నరాలు తేలాయి, పడుకున్నా వంగినా ఆయాసం పెరిగేది, దాంతో రాత్రంతా కుర్చీలోనే కునుకు తీసేవారు. మొదట చూపించిన చోట కిడ్నీ వాపేమో అని నీరు పోయే మాత్రలిచ్చి పంపారు. కాళ్లకు వాపే లేదు బాబూ అని మా పిన్ని చెబుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. మీ ఇంట్లో ఎవరికైనా మొహం, మెడ, చేతులు వాచి కాళ్లు మామూలుగా ఉంటే ఛాతీ సీటీ స్కాన్ గురించి వెంటనే అడగండి, బతిమాలుతున్నాను.

స్టెంట్ అనగానే మా మావయ్య గుండెపోటా అని టెన్షన్ పడ్డారు. కాదు. గుండె ధమనికి వేసేది మూడు, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుది, ఇది అంతకు ఎన్నో రెట్లు పెద్దది, ఎక్కువగా నికెల్, టైటానియం కలిపిన లోహపు జాలీ, లోపల వదలగానే దానంతటదే విచ్చుకుంటుంది. వేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే ఎక్స్‌రే, స్కాన్ తెర చూస్తూ చికిత్స చేసే డాక్టరు. గజ్జ దగ్గర మాత్రం మత్తిచ్చి, సిరలోంచి సన్నని తీగ పోనిచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ చేశారు, కోత లేదు. ఆ డాక్టరు మాకు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు: ఇది క్యాన్సర్‌ను తగ్గించదు, దారి తెరుస్తుంది అంతే, రక్తం గడ్డకట్టడం, స్టెంట్ జరిగిపోవడం, అరుదుగా గుండె చుట్టూ రక్తం చేరడం లాంటి ప్రమాదాలున్నాయి అని ఒక్కటీ దాచకుండా చెప్పారు. రేడియేషన్‌తో కూడా వాపు తగ్గుతుంది గానీ దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్), చిన్నకణాల ఊపిరితిత్తి క్యాన్సర్ లాంటివాటిలో కీమోకే (క్యాన్సర్ మందుల చికిత్సకే) గడ్డ త్వరగా కరగవచ్చు, కాబట్టి అందరికీ స్టెంట్ అక్కర్లేదు. అది కూడా ఆయనే చెప్పారు, అందుకే నమ్మకం కుదిరింది.

ఆ రాత్రే చిన్నాన్న వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. మర్నాటికి కళ్లు పూర్తిగా తెరిచారు, మొహం పాత మొహం అయింది. పిన్ని ఏడ్చింది.

ఇక కౌంటరు సంగతి. ప్యాకేజీ అని ఒక అంకె చెప్పి, స్టెంట్ ధర వేరే అన్నది లోపలికి తీసుకెళ్లే ముందు చెప్పారు, అప్పుడు బేరమాడే మనసు ఎవరికి ఉంటుంది? ఆంధ్రా ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం ఆరోగ్యశ్రీ (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్రా వాళ్లకే, సరిహద్దు దాటి వెళ్లిన మనకు రాదు. ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఆ ఆసుపత్రిలో, అదీ ఈ చికిత్సకు చెల్లుతుందా అని బయల్దేరక ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డిశ్చార్జి కాగితం అంతా ఇంగ్లిషులోనే ఇచ్చారు. రక్తం పలచబరిచే మందు ఎన్నాళ్లు వాడాలి, కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోతే దాన్ని ఏం చేయాలి అన్నవి మేం వెనక్కి వెళ్లి అడిగితే గానీ చెప్పలేదు. ఇది చిన్న లోపం కాదు, ఆ మందు ఎక్కువైతే రక్తస్రావం, మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టవచ్చు.

ఇప్పుడు కీమో నడుస్తోంది. గడ్డ పెరిగినా, రక్తం గడ్డకట్టినా స్టెంట్ మళ్లీ మూసుకుపోవచ్చు, చాలాసార్లు తిరిగి తెరవగలరు కూడా, అందుకే మొహం కాస్త ఉబ్బినా ఆగకుండా వెళ్లాలి. స్టెంట్ వేసిన విభాగం ఫోన్ నంబరు కౌంటరు వాళ్లు అడక్కుండా ఇవ్వరు, డిశ్చార్జికి ముందే కాగితం మీద రాయించుకోండి.