బరోలోనా, బర్గండీయా?

ఏడాదిలో తెరిచిన సీసాలలో మనసుకు నచ్చినదేదని వైన్ ప్రియులు ముచ్చటించుకునేటప్పుడు, ఎర్ర వైన్ల విషయంలో మాట తరచుగా ఇటలీ బరోలో, ఫ్రాన్సు బర్గండీల దగ్గర ఆగుతుంది. బరోలోకు నెబ్బియోలో ద్రాక్ష, ఎర్ర బర్గండీకి పినో న్వార్ మూలం. రెండింటి రంగూ పలుచనే కావడంతో, గ్లాసును చూసి తేలిక వైన్లని పొరబడడం సులభం.

నాలుక మీద పడగానే ఆ పోలిక చెదిరిపోతుంది. బరోలో వగరు చిగుళ్లను పట్టేస్తుంది. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాలలో, మాగనిదే దానిని అమ్మకూడదని నియమం ఉన్నప్పటికీ, ఆ గడువు చాలదనే నా అభిప్రాయం. ఈ ఏడాది నేను తొందరపడి తెరిచిన లేత సీసా మొదటి గంటంతా బిగుసుకుపోయి, మరునాటి సాయంత్రానికి గానీ ఎండిన గులాబీ రేకుల, తారు వాసనలను విప్పలేదు.

మంచి బర్గండీ చాలావరకు అంత సతాయించదు. చెర్రీ పండ్ల పరిమళం, దాని వెనుకే తడి మట్టి వాసన త్వరగానే అందుతాయి. దాని పేచీ వేరు: అక్కడి సుమారు 50 హెక్టార్ల క్లో ద వూజో ద్రాక్షతోట ఒక్కటే దాదాపు 80 మంది యజమానుల మధ్య పంపకమై, ఒకే తోట పేరుతో వేర్వేరు చేతుల వైన్లు వస్తున్నందున, లేబుల్ మీద తోట పేరు కన్నా తయారీదారు పేరునే ముందుగా చూడాలి. ఓపిక ఉన్న రోజున నా ఓటు బరోలోకే.