పి.వి.సి. ఫిట్టింగులను కోసి వాడుకునేవారికి జాగ్రత్త హెచ్చరిక

గత నెలలో నెల్లూరులోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో నేను కొన్న 2 అంగుళాల పి.వి.సి. టీల (మూడు వైపుల పైపులను కలిపే T ఆకారపు ఫిట్టింగుల) సంగతి, నాలాగే ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని ఫిట్టింగులను కోసి, తొలిచి, వంచి వాడుకునే మిత్రులందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

కావలిలో మా ఇంటి వరండాలో ఉన్న చెక్కపని బల్లకు, రంపపు పొట్టును లాగే గొట్టాలు అమర్చుకోవాలనుకుని పన్నెండు టీలు తెచ్చాను. టీ పైపు మీద అటూ ఇటూ జరగాలంటే, పైపు కొసను ఆపడానికి దాని లోపల ఉండే సన్నని గట్టును చెక్కివేయాలి. మంచి పి.వి.సి. అయితే పదునైన కత్తికి పెన్సిలు చెక్కినట్టు చుట్టలు చుట్టలుగా లేస్తుంది. ఇది మాత్రం పాత గోడ సున్నంలా పెచ్చులుగా, పొడిగా రాలింది. రెండోదానికి హోల్‌సా అనే గుండ్రటి రంపంతో రంధ్రం చేస్తుండగా అది మూడు ముక్కలుగా పగిలి, ఒక ముక్క ఎగిరి వచ్చి నేను పెట్టుకున్న భద్రతా కళ్లద్దాలకు తగిలింది. ఆ అద్దాలే లేకపోతే కన్ను ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పి.వి.సి. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మూడోదాన్ని హీట్‌గన్‌తో నెమ్మదిగా కాచాను. వంచబోయేసరికి అంచు నెర్రెలిచ్చింది.

ఫిట్టింగుల్లో సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, కొంత కలపడం మామూలే. ధర తగ్గించుకోవడానికి దాన్ని మోతాదు మించి కలిపితే సరుకు పెళుసుబారుతుంది. సుద్ద పి.వి.సి. కంటే బరువైనది కనుక, “చేత్తో పట్టి చూడండి, ఎంత బరువుందో” అని దుకాణదారు అన్న మాటను నేను నమ్మి ఉండకూడదు. తిరిగి తీసుకువెళితే, కోసిన సరుకు వాపసు తీసుకోబోమని అన్నారు. నా దగ్గర ఉన్నది సరుకు వివరం లేని కచ్చా చీటీ మాత్రమే కావడంతో గట్టిగా అడగలేకపోయాను.

నీటి పైపుల టీలు, ఎల్బోలు కొనేటప్పుడు వాటి మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 7834 అనే ప్రమాణం సంఖ్య, సి.ఎం./ఎల్. తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి; ఆ లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. పక్కా బిల్లు తీసుకుంటే, అవసరమైనప్పుడు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసుకోవడానికి ఆధారం ఉంటుంది. వేడిచేసే పని ఎప్పుడూ ఆరుబయటే పెట్టుకోండి, ఎందుకంటే పి.వి.సి. మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే హానికరమైన వాయువు వెలువడుతుంది. ఎంత మంచి ఫిట్టింగయినా సరే, కంప్రెసర్ గాలికి మాత్రం వాడకండి; పగిలితే ముక్కలు గాజుపెంకుల్లా దూసుకువస్తాయి.

నేను ఇప్పుడు ఏ దుకాణంలోనైనా మొదట ఒక్కటే కొని, ఇంటికి తెచ్చి అంచును కత్తితో చెక్కి, చుట్ట లేస్తేనే మిగతావి తెచ్చుకుంటున్నాను.