అప్పీల్ గడువు దాటిపోయింది: డిలే పిటిషనా, సెట్ అసైడా, రివ్యూనా?

కేసు ఓడిపోయాక నల్లగొండ, పాలమూరు కోర్టుల దగ్గర తరచూ వినపడే మాట, "సార్, అప్పీలుకు ఇంకొంచెం టైమ్ అడగరాదు?" సివిల్ కేసుల్లో గడువు ముగియకముందే వెళ్లి టైమ్ పెంచమని అడిగే పద్ధతి లేదు. డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే ఉత్తర్వు) మీద జిల్లాలోని పై కోర్టుకు వెళ్లాలంటే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఆలోపు వేయాలి, లేదంటే ఆలస్యంగా వేసి, ఆలస్యానికి కారణం చెప్పి మాఫీ కోరాలి. దీన్నే డిలే పిటిషన్ అంటారు. కోవిడ్ కాలంలో మాత్రం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడువు లెక్కలో పట్టుకోవద్దని సుప్రీంకోర్టే అందరికీ చెప్పింది. అలాంటి వెసులుబాటు మళ్లీ వస్తుందని కూర్చోలేం.

ముందు అసలు గడువు దాటిందో లేదో సరిగ్గా లెక్క చూడండి. తీర్పు చెప్పిన రోజును లెక్కపెట్టరు. తీర్పు, డిక్రీ కాపీలు తయారు కావడానికి పట్టిన రోజులూ తీసేస్తారు. తీర్పు మార్చి 3న వచ్చిందనుకుందాం. మీరు 10న కాపీకి పెట్టుకున్నారు, 24న కాపీ తయారైంది. మామూలుగా ఏప్రిల్ 2తో ముగిసే 30 రోజుల గడువు ఏప్రిల్ 17 దాకా వస్తుంది. ఆఖరు రోజు సెలవైతే కోర్టు తెరిచిన రోజు వేయొచ్చు. కానీ స్టాంపులు కట్టమని అడిగాక మీరు చేసిన ఆలస్యం ఈ మినహాయింపులోకి రాదు. గడువు అయిపోయాక కాపీకి పెట్టుకున్నా లాభం లేదు. అందుకే తీర్పు వచ్చిన వారంలోనే కాపీ అప్లికేషన్ పెట్టమని పోరుతుంటాను.

గడువులో ఒక్కరోజు మిగిలి ఉన్నా నా సలహా ఒకటే: ఉన్న కాగితాలతో వేసేయండి. కోర్టు ఫీజుకు డబ్బు సరిపోకపోతే తక్కువ కట్టి, మిగతాది తర్వాత కట్టేందుకు అనుమతి అడగవచ్చు. లోపాలుంటే ఆఫీసు రిటర్న్ చేస్తుంది, చెప్పిన రోజుల్లో సరిచేసి మళ్లీ వేయాలి. అన్నీ సమకూరాక వేద్దామని ఆగి, తర్వాత మాఫీ అడగడం కంటే ఇది ఎంతో మేలు.

నిజంగానే గడువు దాటితే ఏ దారి పట్టాలి? మీ వాదన కోర్టు విన్నదా లేదా అన్నదాని మీదే అది ఆధారపడి ఉంటుంది.

పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకు ముంబై, పుణె వెళ్లినవాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఊళ్లో భూమి మీద పాలివాళ్లో, అప్పిచ్చినవాళ్లో దావా వేస్తారు. సమన్లు వచ్చేసరికి ఇంటికి తాళం ఉంటుంది. పేపర్లో ప్రకటన వేసి, ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు హాజరు కాకుండానే మీకు వ్యతిరేకంగా డిక్రీ, తీసుకుంటారు. ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేసి, అమీనా (అమలుకు వచ్చే కోర్టు ఉద్యోగి) వచ్చాక గానీ కేసున్నదని తెలియదు. ఇలాంటివాళ్లు అప్పీలుకు పరుగెత్తే ముందు సెట్ అసైడ్ పిటిషన్, అంటే ఆ డిక్రీని రద్దు చేయమని అదే కోర్టును అడగడం, గురించి ఆలోచించాలి. సమన్లు సరిగ్గా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు ఉంటాయి. ఈ లెక్కకు పేపర్ ప్రకటనను సరిగ్గా అందినట్టు భావించరు. కేసున్నదని ముందే తెలిసి కూడా హాజరు కాలేదని రుజువైతే మాత్రం సమన్లలో చిన్న లోపం చూపించి బయటపడలేరు.

సెట్ అసైడ్ అయితే కేసు మళ్లీ మొదలవుతుంది. మీ సాక్ష్యం, మీ పట్టా కాగితాలు కోర్టు ముందుకు వస్తాయి. ఎక్స్‌పార్టీ డిక్రీ మీద అప్పీలైతే రికార్డులో ఉండేది ఎదుటివాళ్ల సాక్ష్యమే. పైగా అప్పీలు తేలిపోతే ఆ తర్వాత సెట్ అసైడ్ అడిగే హక్కు పోతుంది. ఖర్చులు కట్టమనో, డబ్బు డిపాజిట్ చేయమనో కోర్టు షరతు పెట్టవచ్చు. అయినా ఎక్స్‌పార్టీ అయినవాళ్లకు ఇదే మంచి దారి.

ఇరుపక్షాలూ వాదించాక ఓడితే మాత్రం అప్పీలుతోపాటు డిలే పిటిషన్ తప్ప వేరే దారి దాదాపు లేదు. అఫిడవిట్ రాసేటప్పుడే చాలామంది దెబ్బతింటారు. "ఆరోగ్యం బాగాలేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరు నమ్ముతారు? ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, పని చేయించుకున్న మేస్త్రీ దగ్గరి హాజరు, ఏది ఉంటే అది జత చేయండి. ఎన్ని రోజులు ఆలస్యమైందన్నదాని కంటే కారణం నమ్మేలా ఉందా అన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. కానీ ఆ మాటను పట్టుకుని ఏళ్లు గడిపేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక భూసేకరణ కేసులో 5,659 రోజుల ఆలస్యాన్ని మాఫీ చేయడానికి 2024లో అదే కోర్టు ఒప్పుకోలేదు. ఇంకో సంగతి, ఆలస్యం మాఫీ చేసి అప్పీలు వినాలని కోర్టు నిర్ణయించేదాకా డిక్రీ అమలు మీద స్టే రాదు. పొలం స్వాధీనం పోయే కేసైతే డిలే పిటిషన్ త్వరగా వినమని వకీలుతో గట్టిగా అడిగించండి.

రివ్యూ, అంటే తీర్పు ఇచ్చిన కోర్టునే మళ్లీ చూడమని అడగడం, గురించి ఎక్కువ చెప్పేది లేదు. దానికీ 30 రోజులే. తీర్పులో కంటికి కనిపించే తప్పు ఉంటేనో, ఎంత ప్రయత్నించినా అప్పుడు దొరకని కాగితం ఇప్పుడు దొరికితేనో పనికొస్తుంది. జడ్జి గారు సాక్ష్యాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారని మీ బాధ అయితే అది అప్పీలు విషయం. రివ్యూ పెట్టి ఎదురుచూస్తుంటే అప్పీలు గడువు కాస్తా కరిగిపోతుంది.

వకీలు ఫీజుకు భయపడి ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్లేటప్పుడు తీర్పు కాపీ ఉంటే తీసుకెళ్లండి, లేకపోతే కేసు నంబరు రాసుకుని వెళ్లినా చాలు.